విదేశీ పార్సిల్‌కు కస్టమ్స్ డ్యూటీ: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఫారిన్ నుంచి పార్సిల్ వస్తోందంటే ఇంట్లో ఒకటే సందడి. ట్రాకింగ్‌లో ‘కస్టమ్స్‌లో ఉంది’ అని కనపడగానే ఆ సందడి కాస్తా టెన్షన్ అయిపోతుంది. మా ఇంట్లోనూ, చుట్టాల్లోనూ ఈ పార్సిళ్ల పని చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఎవరు ఫోన్ చేసినా దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ముందే ఒక విషయం చెప్పాలి. కస్టమ్స్ అధికారి మన పెట్టె విప్పేకంటే ముందు దాని మీద అంటించిన కాగితం చదువుతారు. చాలా పెట్టెలను అసలు విప్పరు కూడా. డ్యూటీ ఎంత, పార్సిల్ ఎన్నాళ్లు ఆగుతుంది అన్నవి చాలావరకు ఆ కాగితం మీదే తేలిపోతాయి. ఇక్కడ రాసినదంతా సొంత వాడకానికి తెప్పించుకునేవాళ్ల కోసం. అమ్మకానికి తెప్పించే సరుకు సంగతి వేరు, దానికి దిగుమతిదారు కోడ్ నంబరు దగ్గర్నుంచి అన్నీ వేరే.

అన్నయ్య ప్రేమగా పంపిన గిఫ్ట్‌కి కూడా డ్యూటీ కట్టాలా? 5,000 రూపాయల వరకు ఫ్రీ అన్నారే?

కట్టాలి. ఆ 5,000 రూపాయల మినహాయింపు ఒకప్పుడు నిజంగానే ఉండేది. కొన్ని ఆన్‌లైన్ అమ్మకందార్లు కొనుగోలుదారుల ఆర్డర్లను ‘గిఫ్ట్’ అని రాసి డ్యూటీ లేకుండా పంపడం మొదలుపెట్టేసరికి, 2019 డిసెంబరు 12న కేంద్రం దాన్ని తీసేసింది. ఇప్పటికీ ‘ఐదు వేల లోపే కదా’ అని ధైర్యంగా పంపేవాళ్లు చాలామంది ఉన్నారు.

మిగిలిన మినహాయింపులు రెండే: ప్రాణరక్షక మందులు, రాఖీ. రాఖీ అంటే రాఖీ మాత్రమే. దానితో పాటు పెట్టిన చొక్కాకో వాచీకో ఆ మినహాయింపు రాదు. అలాగని గిఫ్ట్ పంపడమే తప్పని కాదు. డ్యూటీ పూర్తిగా కట్టి తీసుకోవచ్చు.

ఇంకో చిన్న వెసులుబాటు కస్టమ్స్ చట్టంలోనే ఉంది. లెక్క వేస్తే డ్యూటీ 100 రూపాయలు, అంతకంటే తక్కువ వస్తే వసూలు చేయరు. గ్రీటింగ్ కార్డు లాంటివి అలా వచ్చేస్తాయి.

డ్యూటీ ఎలా లెక్కేస్తారు? నేను వేసుకున్న లెక్కకి, వచ్చిన బిల్లుకి పొంతనే లేదు.

దీని మీద కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. గొడవంతా ఇక్కడే వస్తుంది.

వస్తువు ధర ఒక్కదాని మీదే డ్యూటీ వేయరు. ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి వచ్చిన మొత్తం మీద వేస్తారు. రవాణా ఖర్చు ఎంతో తెలియకపోతే ధరలో 20 శాతంగా తీసుకుంటారు. విమానంలో వచ్చిన వస్తువైతే ఖర్చు ఎంత ఎక్కువైనా 20 శాతానికి మించి కలపరు, ఇది మనకు మేలే. బీమా తెలియకపోతే 1.125 శాతం. డాలర్లను రూపాయల్లోకి మార్చేది కూడా ఫోన్‌లో కనపడే రేటుతో కాదు, కస్టమ్స్ తాను ప్రకటించిన రేటుతో మారుస్తుంది.

ఆ విలువ మీద మొదట బేసిక్ కస్టమ్స్ డ్యూటీ. ఆ డ్యూటీ మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జీ (కొన్ని వస్తువులకు ఇది లేదు). విలువ, డ్యూటీ, సర్‌ఛార్జీ మూడూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకుకు వేసే జీఎస్టీ. అంటే పన్ను మీద పన్ను పడుతుంది.

అంకెల్లో చూద్దాం. బూట్ల ధర 10,000 రూపాయలు, కొరియర్‌కు 3,000 అయిందనుకోండి. విమానంలో వచ్చాయి కాబట్టి రవాణా కింద కలిపేది 2,000. బీమా 112 రూపాయల 50 పైసలు. డ్యూటీ వేసే విలువ 12,112.50. బేసిక్ డ్యూటీ 10 శాతం అనుకుంటే 1,211. దాని మీద సర్‌ఛార్జీ 121. అన్నీ కలిపితే 13,445 దాకా అవుతుంది. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 2,420. మొత్తం కట్టాల్సింది సుమారు 3,752 రూపాయలు. ‘పదీ పద్దెనిమిదీ ఇరవై ఎనిమిది, కాబట్టి 2,800’ అనుకున్నవాళ్లకు ఆ 950 ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

ఈ 10, 18 లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో వచ్చే వస్తువులకు కస్టమ్స్ టారిఫ్‌లో 9804 అని ప్రత్యేకమైన శీర్షిక ఉంది. దాని రేటు ఒకప్పుడు 35 శాతం. 2026 బడ్జెట్‌లో 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఐజీఎస్టీ స్లాబులు కూడా 2025 సెప్టెంబరు 22న మారాయి. కాబట్టి పాత బిల్లు ముందు పెట్టుకుని కొత్త పార్సిల్‌కు లెక్క వేయకండి.

ఫ్రీ షిప్పింగ్ అని ఉంది కదా, రవాణా ఎందుకు కలిపారు?

మీకు ఫ్రీగా వచ్చినంత మాత్రాన రవాణా ఖర్చు లేనట్టు కాదు. బిల్లులో అది విడిగా కనపడకపోతే పైన చెప్పిన 20 శాతం లెక్క పెట్టవచ్చు. అమ్మినవాళ్ల దగ్గర రవాణా ఖర్చు విడిగా చూపించే బిల్లు దొరికితే తెచ్చుకోండి.

పంపేవాళ్లు కాగితం మీద ఏం రాయాలి?

నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కానీ దీన్ని ముందుగా అడిగేవాళ్లు తక్కువ, పార్సిల్ ఆగాక అడిగేవాళ్లే ఎక్కువ.

మా చెల్లెలు న్యూజెర్సీ నుంచి మొదటిసారి పెట్టె పంపినప్పుడు వివరాల దగ్గర ‘గిఫ్ట్ ఐటమ్స్’ అని, విలువ 200 డాలర్లు అని రాసింది. లోపల పిల్లలకు రెండు జతల బూట్లు, నాన్నకు స్వెటర్, ఒక పాత కెమెరా, చాక్లెట్లు. అధికారికి ఆ రెండు మాటల్లో ఏం అర్థమవుతుంది? పెట్టె ఆగింది. కొరియర్ వాళ్లు బిల్లులు అడిగారు. బిల్లులు అమెరికాలో, పెట్టె ఢిల్లీలో, నేను ఇక్కడ. పదహారు రోజులు మెయిళ్లు తిరిగాయి. కెమెరా ఎంత పాతదో చెప్పడానికి రుజువు లేదు కాబట్టి దాని విలువ వాళ్లే వేశారు, మేం అనుకున్నదానికి రెట్టింపు.

రెండోసారి పంపేముందు తనే ఫోన్ చేసింది. “అన్నయ్యా, ఈసారి ఏం రాయమంటావు?” అంది. “ఒక్కో వస్తువు ఒక్కో లైన్‌లో రాయమ్మా. ఏమిటది, దేనితో చేసింది, ఎన్ని, ఒక్కోటి ఎంత. పాతదైతే పాతదని రాయి. కొన్న బిల్లు ప్రింట్ తీసి ఒకటి బయట కవర్లో, ఒకటి లోపల పెట్టు” అన్నాను. ‘ఆడవాళ్ల నూలు స్వెటర్, కొత్తది, 1, 32 డాలర్లు’ అన్నట్టు రాసింది. ఆ పెట్టె కస్టమ్స్‌లో రెండు రోజులే ఉంది. డ్యూటీ కట్టాం, నిజమే. కానీ ఎంత వస్తుందో పెట్టె బయల్దేరకముందే మాకు తెలుసు.

పోస్టులో పంపితే ఇదే వివరం సీఎన్ 22 లేదా సీఎన్ 23 అనే ఫారంలో రాస్తారు. తక్కువ విలువ ఉంటే మొదటిది, ఎక్కువైతే రెండోది. మన ఫోన్ నంబరు, మెయిల్, పిన్‌కోడ్ తప్పు లేకుండా ఉండాలి. ఆధార్‌లో పేరు ఎలా ఉందో చిరునామాలోనూ అలాగే రాయించండి. ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొట్టిగా ఉంటే అదో కొత్త తలనొప్పి.

విలువ తక్కువ రాస్తే డ్యూటీ తగ్గుతుంది కదా?

వద్దు. వెయ్యి డాలర్ల ఫోన్‌కి 50 డాలర్లని రాస్తే నమ్మడానికి అధికారులేమీ కొత్తవాళ్లు కాదు, మోడల్ నంబరు కొట్టి చూస్తే ధర క్షణంలో తెలుస్తుంది. రాసిన విలువను తోసిపుచ్చి సరైన విలువ కట్టే అధికారం వాళ్లకు ఉంది. తప్పుడు వివరం ఇచ్చిన సరుకును జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. పైగా దారిలో పెట్టె పోతే కొరియర్ వాళ్లు ఇచ్చే పరిహారం కూడా రాసిన విలువను మించదు.

పంపేవాళ్లు మన మీద ప్రేమతోనే తక్కువ రాస్తారు. వద్దని మనమే ముందుగా చెప్పాలి.

వాడిన లాప్‌టాప్ పంపుతున్నారు. విలువ సున్నా అని రాయొచ్చా?

సున్నా విలువ అంటూ ఉండదు. ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో అంత రాయాలి. కొన్నప్పటి బిల్లు, కొన్న తేదీ జతచేస్తే వాడిన కాలానికి విలువ తగ్గించమని అడగడానికి ఆధారం ఉంటుంది. 2023లో లాప్‌టాప్‌ల దిగుమతికి ఆంక్షలు పెట్టినప్పుడు కూడా పోస్టులోనో కొరియర్లోనో వచ్చే ఒక్క లాప్‌టాప్‌కు లైసెన్సు అక్కర్లేదన్నారు. డ్యూటీ మాత్రం కట్టాలి. రెండు మూడు కలిపి ఒకే పెట్టెలో పంపకండి. ఒకే రకం వస్తువులు ఎక్కువ ఉంటే సొంత వాడకం అంటే ఒప్పుకోరు.

ఇంటికి వచ్చే పార్సిల్‌కు ఆధార్ ఎందుకు అడుగుతున్నారు?

కొరియర్ సంస్థ మన తరఫున, మన పేరు మీద కస్టమ్స్‌లో బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి వివరాల పత్రం) వేస్తుంది. అందుకే గుర్తింపు పత్రం తప్పనిసరి. ఆధార్, పాన్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు లాంటివి పనికొస్తాయి. ఎవరో వాట్సాప్‌లో అడిగితే పంపకండి. కొరియర్ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి మీరే వెళ్లి, ట్రాకింగ్ నంబరు కొట్టి అక్కడే అప్‌లోడ్ చేయండి. కేవైసీ ఇవ్వడంలో మనం ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే పార్సిల్ అన్ని రోజులు గోడౌన్‌లో ఉంటుంది, ఆ అద్దె కూడా మన నెత్తినే పడవచ్చు.

పోస్టులో తెప్పించుకుంటే మంచిదా, కొరియర్లోనా?

తొందర లేకపోతే పోస్టు, తొందరుంటే కొరియర్. పోస్టు పార్సిల్ ఫారిన్ పోస్టాఫీసుకు వెళ్తుంది. అక్కడి కస్టమ్స్ వాళ్లు డ్యూటీ వేస్తే పోస్టుమాన్ ఇంటికి తెచ్చి డబ్బు తీసుకుని రసీదు ఇస్తాడు. ఖర్చు తక్కువ, సమాచారం కూడా తక్కువే. వారం రోజులు ట్రాకింగ్‌లో ఒకే మాట కనపడినా కంగారు పడకండి. కొరియర్లో అన్నీ తొందరగా జరుగుతాయి. వాళ్లే ముందు డ్యూటీ కట్టేసి మన దగ్గర తీసుకుంటారు, అలా కట్టినందుకు విడిగా ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. ‘డ్యూటీ 900 అయితే 1,700 ఎందుకు అడుగుతున్నారు’ అని గొడవపడేది చాలాసార్లు దీనివల్లే. బిల్లులో ప్రభుత్వానికి వెళ్లేది ఎంత, కొరియర్‌కు వెళ్లేది ఎంత అని విడివిడిగా చూడండి. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ అడిగే హక్కు మీకుంది, అడగండి.

డీడీపీ, డీడీయూ అంటే?

డీడీపీ అంటే డ్యూటీ పంపేవాళ్లు కడతారు, మన గుమ్మం దగ్గర ఏమీ అడగరు. డీడీయూ (కొందరు డీఏపీ అంటారు) అంటే తీసుకునేవాళ్లు కట్టాలి. కొన్ని షాపింగ్ సైట్లు ఆర్డర్ పెట్టేటప్పుడే దిగుమతి ఖర్చుల డిపాజిట్ అని తీసుకుంటాయి. అసలు డ్యూటీ తక్కువైతే మిగిలింది వెనక్కి వేస్తాయి. ఏమీ రాయని చోట డ్యూటీ మనదేననుకోండి.

డ్యూటీ ఎక్కువ వేశారనిపిస్తోంది. ఏం చేయాలి?

కట్టకముందే కొరియర్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. బిల్లు, కార్డుతో చెల్లించిన స్టేట్‌మెంట్, ఆ వస్తువు అమ్మే పేజీ స్క్రీన్‌షాట్ జతచేసి మళ్లీ విలువ కట్టించమనండి. చాలావరకు ఇక్కడే తేలుతుంది. తేలకపోతే ఆదేశం అందిన 60 రోజుల్లోగా కస్టమ్స్ కమిషనర్ (అప్పీల్స్)కు అప్పీలు చేసుకోవచ్చు. చిన్న మొత్తాలకు అంత దూరం వెళ్లడం దండగని నా అభిప్రాయం.

అంత డ్యూటీ కట్టలేను. పార్సిల్ వద్దనుకుంటే?

విడుదల ఆదేశం రాకముందే ఆ సరుకు మీద హక్కు వదులుకుంటున్నానని రాసిస్తే డ్యూటీ కట్టనక్కర్లేదు. పంపినవాళ్లకే తిప్పి పంపమనీ అడగవచ్చు, తిరుగు రవాణా ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. ఏమీ చెప్పకుండా వదిలేయడం మాత్రం మంచిది కాదు. 30 రోజులు దాటిన సరుకును నోటీసిచ్చి అమ్మేసే అధికారం చట్టంలో ఉంది.

వస్తువు పాడైపోయి వచ్చింది. తిప్పి పంపితే కట్టిన డ్యూటీ వస్తుందా?

చట్టంలో దారి ఉంది. లోపమున్న వస్తువును విడుదలైన 30 రోజుల్లో తిప్పి పంపితే రీఫండ్ అడగవచ్చు. కానీ వచ్చిన వస్తువు, వెళ్లిన వస్తువు ఒకటేనని కాగితాలతో చూపించాలి. తిప్పి పంపుతున్న సంగతి ముందుగా కస్టమ్స్‌కు తెలియాలి. మామూలుగా పోస్టులో వేసేసి తర్వాత రీఫండ్ అడిగితే రాదు. అందుకే సైజు కుదురుతుందో లేదో తెలియని బట్టలు, బూట్లు విదేశీ సైట్లలో కొనవద్దనే మావాళ్లకు చెబుతాను.

డ్యూటీ కట్టినా రానివి ఏవి?

డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. పిల్లాడి పుట్టినరోజుకని పంపినా ఆగిపోతుంది. ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం. శాటిలైట్ ఫోన్‌కు అనుమతి కావాలి. విత్తనాలు, మొక్కలకు క్వారంటైన్ నిబంధనలున్నాయి. మందులను డాక్టర్ చీటీ లేకుండా తెప్పించుకోకండి. ఇక్కడ దొరకని మందు సొంతానికి తెప్పించుకోవాలంటే 12ఏ ఫారంలో దరఖాస్తు చేసి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నుంచి 12బీ పర్మిట్ తీసుకోవాలి. మందు అత్యవసరమైతే ముందు ఈ పర్మిట్ పని మొదలుపెట్టి, ఆ తర్వాతే పార్సిల్ పంపమనండి.

ఇక్కడి నుంచి అమెరికాకు పచ్చళ్లు పంపితే డ్యూటీ ఉంటుందా?

వేసవి వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలు. ఇక్కడ ఎగుమతి సుంకమేమీ ఉండదు. అక్కడ మాత్రం పరిస్థితి పూర్తిగా మారింది. 2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో డ్యూటీ ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆ మినహాయింపు ఆపేశారు. డ్యూటీ ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం మానేసింది. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి రేటు ప్రకారం 50 శాతం డ్యూటీని బుక్ చేసేటప్పుడే ఇక్కడే కట్టించుకుంది. ఆ తర్వాత కూడా రేట్లు మారాయి. బుక్ చేసే రోజున ఆ రోజు రేటు అడగండి, పోయిన నెల పక్కింటివాళ్లు కట్టింది చూసి వెళ్లకండి.

100 డాలర్ల లోపు నిజమైన బహుమతికి మినహాయింపు నిలిచింది. ఒక మనిషికి ఒక రోజుకు అంతే. అమ్మ ఇంట్లో పెట్టిన ఆవకాయ కొడుక్కి పంపితే అది బహుమతి. ఆ కొడుకే గుంటూరులోని పచ్చళ్ల షాపుకు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తెప్పించుకుంటే అది కొనుగోలు, డ్యూటీ పడుతుంది. ఆహార పదార్థాలు పంపేముందు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ)కు ముందస్తు సమాచారం ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఇంట్లో చేసి సొంతవాళ్లకు బహుమతిగా పంపేదానికి అది అక్కర్లేదు. షాపులో కొన్న కాజాలు, పూతరేకులకు కావాలి, మామూలుగా కొరియర్ వాళ్లే చేస్తారు. చేశారో లేదో అడగండి.

గోంగూర మటన్, చికెన్ పచ్చడి పంపకండి. మాంసం ఉన్నవి పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా అంతే. నిమ్మ జాతి చెట్లకు తెగులు మోసుకెళ్లే పురుగు ఆ ఆకు మీద బతుకుతుందని వాళ్ల భయం.

తూకం దగ్గర కూడా జాగ్రత్త. కొరియర్ వాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క రెండిటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పోయిన దసరాకు మా ఇంట్లో ఆత్రేయపురం పూతరేకులు, చేగోడీలు నలిగిపోతాయని అమ్మ పెద్ద పెట్టె తెప్పించింది. 40, 40, 30 సెంటీమీటర్లు. కాటా మీద ఆరు కిలోలే ఉంది. లెక్కలో 9.6 వచ్చింది. మధ్యలో కుక్కిన పాత చీరలన్నీ తీసి చిన్న పెట్టెలోకి మారిస్తే కొరియర్ ఖర్చు మూడో వంతు తగ్గింది.

మావాళ్లు బ్రిటన్‌లో, యూరప్‌లో ఉన్నారు. అక్కడ?

బ్రిటన్‌లో 39 పౌండ్ల లోపు బహుమతికి పన్ను లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఈ పరిమితి 45 యూరోలు, కెనడాలో 60 కెనడా డాలర్లు. ఆపైన వ్యాట్ లాంటివి పడతాయి. యూరప్‌కు మాంసంతో పాటు పాలతో చేసినవి కూడా పంపకూడదు. కాబట్టి నేతి మిఠాయిలు, పాలకోవా ఆ పెట్టెలో పెట్టకండి.

‘మీ పార్సిల్ కస్టమ్స్‌లో పట్టుబడింది, వెంటనే డబ్బు కట్టండి’ అని ఫోన్ వచ్చింది.

ఫోన్ పెట్టేయండి. కస్టమ్స్ అధికారులు ఫోన్ చేసి సొంత ఖాతాకో, యూపీఐకో డబ్బు వేయమని అడగరు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడమన్నది మన చట్టంలోనే లేదు. పెట్టెలో డ్రగ్స్ దొరికాయని బెదిరించేవాళ్లు కొందరు. లండన్ స్నేహితుడు ఖరీదైన కానుక పంపాడు, విడిపించడానికి 35,000 కట్టమనేవాళ్లు కొందరు. మా కాలనీలో రిటైరైన ఒక టీచరమ్మ గారు ఇలాంటి ఫోన్‌కే రెండు గంటలు గదిలో తలుపేసుకుని కూర్చున్నారు. కూతురు అమెరికా నుంచి నిజంగానే పెట్టె పంపింది, అందుకే నమ్మేశారు. అదృష్టం బాగుండి బ్యాంకుకు బయల్దేరుతుంటే పక్కింటి అబ్బాయి ఆపాడు.

మీకు నిజంగా పార్సిల్ రావాల్సి ఉంటే ఫోన్‌లో చెప్పింది వదిలేసి, పంపినవాళ్లు ఇచ్చిన ట్రాకింగ్ నంబరును కొరియర్ సైట్‌లోనో ఇండియా పోస్ట్ సైట్‌లోనో మీరే కొట్టి చూడండి. కస్టమ్స్ నుంచి వచ్చిందంటూ ఏదైనా లేఖ చూపిస్తే దాని మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. 2019 నవంబరు నుంచి ఇది అమల్లో ఉంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వెబ్‌సైట్‌లో ఆ నంబరు నిజమైనదో కాదో చూడవచ్చు. డబ్బు ఇప్పటికే వేసేసి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.